అక్క కొడుకు పోయాడు. "ఏడవొద్దు, ఆనందించు" అంటున్నారు. ఎలా?

సుధీర్_మాస్టారు
మా అక్కకు ఒక్కడే కొడుకు. డిప్లొమా చివరి సంవత్సరం. ఈ మధ్య ఒక సాయంత్రం కాలేజీ నుంచి బైక్ మీద వస్తుంటే టిప్పర్ గుద్దింది. అక్కడికక్కడే పోయాడు. డ్రైవర్ తాగి ఉన్నాడని చూసినవాళ్లందరూ చెప్పారు. వాడు అప్పుడే బెయిల్ మీద బయటికొచ్చాడు. రక్త పరీక్ష సంగతి అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటున్నారు. బండి ఓనర్ తాలూకు మనుషులు ఇంటికొచ్చి "ఎంతో కొంత తీసుకుని సర్దుకోండి" అన్నారు. అదే బండి ఇప్పటికీ అక్క ఇంటి ముందు నుంచే ఇసుక తోలుతోంది. ఆ హారన్ వినబడితే అక్క చేతిలో పని అక్కడే వదిలేసి లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటుంది.

ఆదరణ కూడికలో ఒక పెద్దాయన లేచి, "ఏడవకూడదమ్మా, బాబు ప్రభువు దగ్గరున్నాడు, ఎల్లప్పుడును ఆనందించమని వాక్యం, ఒకసారి స్తోత్రం చెప్పు" అని మైకు తెచ్చి అక్క నోటి దగ్గర పెట్టాడు. అక్క చెప్పింది. ఎలా చెప్పిందో పక్కనే కూర్చున్న నాకు తెలుసు. ఆ రాత్రి నన్ను పిలిచి, "నాకు ఆనందం రావట్లేదురా తమ్ముడూ, నాకు విశ్వాసం లేదేమో" అంది.

నేను సండే స్కూల్లో పాఠాలు చెప్తాను. దేవుడు మంచివాడని నమ్ముతున్నాను. కానీ పిల్లాడు మట్టిలో ఉండి, వాణ్ణి చంపినవాడు దర్జాగా స్టీరింగ్ తిప్పుతుంటే, దేవునియందు ఆనందించడం అంటే ఏం చేయడం? అక్కకు ఏం చెప్పాలి? వాక్యాలు కుప్పగా పంపకండి. ఆలోచించి చెప్పండి.

పల్నాటి_మిరప
కడుపుకోతలో ఉన్న తల్లి నోటి దగ్గర మైకు పెట్టడమేంటి మాస్టారూ! చదువుతుంటేనే ఒళ్లు మండుతోంది.

ప్రార్థన_గది
తమ్ముడూ, ఆయన పద్ధతి నాకూ నచ్చలేదు. మాట మాత్రం వాక్యమే కదా. పౌలు ఆ మాట పట్టుపరుపు మీద కూర్చుని రాయలేదు, సంకెళ్లలో ఉండి ఫిలిప్పీ సంఘానికి రాశాడు. అదే ఫిలిప్పీ ఊళ్లో అంతకుముందు బెత్తాల దెబ్బలు తిని, కాళ్లకు బొండ వేయించుకుని, మధ్యరాత్రి సీలతో కలిసి కీర్తనలు పాడాడు. దుఃఖం వచ్చిన రోజున ఆనందాన్ని పక్కన పెట్టేస్తే మన విశ్వాసం ఇక ఏ రోజుకి? అతి దుఃఖం సాతానుకు తలుపు తీయడమే. కఠినంగా ఉందని తెలుసు, అయినా చెప్పాలి.

కీర్తనల_కరుణ
అన్నయ్యా, అదే ఫిలిప్పీ పత్రిక రెండో అధ్యాయం చూడండి. పౌలు తోటి పనివాడు ఎపఫ్రొదితు చావు దాకా వెళ్లి బతికాడు. అతను పోయి ఉంటే తనకు "దుఃఖముమీద దుఃఖము" అయ్యేదని పౌలే అన్నాడు. మూడో అధ్యాయంలో ఏడుస్తూ చెబుతున్నాను అంటాడు. నాలుగో అధ్యాయంలో ఆనందించమన్నదీ ఆయనే. ఉత్తరం మొత్తం చదివితే ఏడుపూ ఆనందమూ ఒకే మనిషిలో ఉన్నాయి. మనం ఒక్క వచనం కోసి గోడకు తగిలించుకున్నాం.

లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు విడిచాడు. ఇంకాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా. లాజరు తోబుట్టువు మరియను "ఏడవకు" అనలేదు.

ప్రార్థన_గది
@కీర్తనల_కరుణ, నాయీను విధవరాలితో "ఏడువవద్దు" అన్నాడుగా అమ్మా. ఆమెదీ ఒక్కడే కొడుకు.

కీర్తనల_కరుణ
అన్నాడు. అన్న వెంటనే పాడె ముట్టుకుని కొడుకుని లేపి తల్లికి అప్పగించాడు. ఆ పని చేయగలిగినవాడు ఆ మాట అనొచ్చు. మనం పాడె మోసేవాళ్లం, మనకెక్కడిది ఆ హక్కు?

పల్నాటి_మిరప
కరుణక్కా, దీన్ని మా సంఘంలో ఒకసారి చదివి వినిపిస్తాను.

మాధవి_కాకినాడ
నేను పెళ్లయ్యాక నమ్ముకున్నాను. మా అమ్మ తరఫు వాళ్లు ఇలాంటప్పుడు "ఏ జన్మలో ఏం చేశాడో" అంటారు. సంఘంలోకి వచ్చాక ఆ మాట తప్పుతుందనుకున్నా. ఇక్కడా అదే, మాట మారింది అంతే. "ఏదో పాపం ఉండి ఉంటుంది, దేవుడు మాట్లాడుతున్నాడు" అంటారు. సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోతే, వాళ్లు మిగతావాళ్లకంటే పాపులని అనుకుంటున్నారా, కాదు అని యేసు తేల్చి చెప్పాడు. పుట్టుగుడ్డివాడి దగ్గరా అంతే, వీడూ కాదు, వీడి అమ్మానాన్నలూ కాదు అన్నాడు. మాస్టారూ, మీ అక్కకు ముందు ఈ మాట చెప్పండి. బయటికి అనకపోయినా, నా పాపమేమో అని ఏ తల్లి అయినా లోపల అనుకుంటూనే ఉంటుంది.

సుధీర్_మాస్టారు
@మాధవి_కాకినాడ, అనుకుంటోందండీ. ఆ రోజు వాణ్ణి ఆలస్యంగా బయల్దేరదీశానని, ఉపవాస ప్రార్థన ఒక వారం మానేశానని ఏవేవో లెక్కలు కడుతోంది.

సందేహి
నేను పాస్టర్ గారి అబ్బాయిని. ఇప్పుడు చర్చికి వెళ్లడం లేదు. ఎవరినీ నొప్పించాలని కాదు, నిజంగానే అడుగుతున్నాను. దేవుడు మంచివాడు, అన్నీ చేయగలడు అంటారు. అయితే ఆ బండిని ఎందుకు ఆపలేదు? మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు, తాగడం డ్రైవర్ ఎంచుకున్నాడు అంటారు. సరే, ఒప్పుకున్నా. ఉప్పెన ఎవరు ఎంచుకున్నారు? డెంగీ వచ్చిన మూడేళ్ల పిల్ల ఏం ఎంచుకుంది? మా నాన్నను అడిగితే "పరలోకంలో తెలుస్తుంది" అన్నారు. అది జవాబు దాటేయడం అనిపించింది. అక్కడితో ఆగిపోయాను.

ప్రార్థన_గది
తమ్ముడూ, కుమ్మరిని మన్ను ప్రశ్నించదు.

సందేహి
పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు ప్రశ్నించాడు కదండీ. అధ్యాయాల కొద్దీ.

డల్లాస్_డేవిడ్
సందేహి అన్న మాటలో బలం ఉంది. ఆ ప్రశ్న బైబిల్లోనే ఉంది, బయటినుంచి వచ్చింది కాదు. హబక్కూకు ప్రవక్త పుస్తకంలో మొదటి మాటే "యెహోవా, నేను మొఱ్ఱపెట్టినను నీవెన్నాళ్లు ఆలకింపకుందువు?" ఆయన గోడు కూడా మాస్టారి గోడే. ధర్మశాస్త్రం నీరుగారిపోయింది, న్యాయం జరగట్లేదు, దుర్మార్గుడు నీతిమంతుణ్ణి చుట్టుముట్టాడు. దేవుడిచ్చిన జవాబు ఇంకా భయం పుట్టించేది: కల్దీయులను, అంటే బబులోను సైన్యాన్ని, రప్పిస్తున్నా అన్నాడు. హబక్కూకు మళ్లీ ఎదురడిగాడు. ఇంత చెడ్డవాళ్లను చూస్తూ ఎలా ఊరుకుంటావు అని.

మనందరికీ కంఠతా వచ్చిన "అంజూరపు చెట్లు పూయకుండినను" మూడో అధ్యాయం చివర్లో ఉంది. దానికి ఒక వచనం ముందే, వింటుంటే కడుపు కలవరపడింది, పెదవులు వణికాయి, ఎముకలు కుళ్లిపోతున్నాయి అంటాడు. అలా వణికే మనిషే "నేను యెహోవాయందు ఆనందించెదను" అన్నాడు. పంట లేదు, దొడ్డిలో గొర్రెలు లేవు, సాలలో పశువులు లేవు. పోయినవన్నీ ఒక్కొక్కటి పేరుపెట్టి లెక్కపెట్టాకే ఆ మాట. మాస్టారి అక్క చేత ఆ పెద్దాయన మొదటి రెండు అధ్యాయాలు దాటించి చివరి వచనం చెప్పించాలనుకున్నాడు. నాకు తప్పుగా కనిపించేది అదే.

నైట్_డ్యూటీ_నర్సు
👆 ఇది పిన్ చేయండి ఎవరైనా.

దివిసీమ_పిల్ల
సందేహి గారు ఉప్పెన అన్నారు కాబట్టి రాస్తున్నా. 1977 నవంబర్ 19, శనివారం. మా నాన్నమ్మకు అప్పటికి నలుగురు పిల్లలు. నీళ్లు వచ్చినప్పుడు తాతయ్య ఇద్దరిని తాటిచెట్టుకు కట్టి తను పట్టుకున్నాడు, అందులో ఒకడు మా నాన్న. మిగతా ఇద్దరు నాన్నమ్మ చేతుల్లోనుంచి పోయారు. ఆ ఒక్క ఉప్పెనలో చచ్చినవాళ్లు పదివేలకు పైనే. ఎంతోమంది ఒళ్లు దొరకలేదు. మా అత్తలిద్దరివీ దొరకలేదు.

నాన్నమ్మ ఆదివారం చర్చి మానేది కాదు. కానీ ఎవరైనా "దేవుడు తీసుకున్నాడమ్మా" అంటే ఊరుకునేది కాదు. "తీసుకుంది ఉప్పెన. తిరిగి ఇచ్చేవాడు దేవుడు" అనేది. నా చిన్నప్పుడు ఒక పెద్ద బోధకుడితో కూడా అలాగే అంది, ఆయన నోట మాట రాలేదు.

మా వైపు ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గరికి వెళ్తాం. ముందు రోజే సున్నం వేసి, పూలు పెట్టి, చీకటి ఉండగానే కొవ్వొత్తులు వెలిగిస్తాం. నాన్నమ్మకు వెలిగించడానికి సమాధి లేదు. ఆవిడ రెండు కొబ్బరి చిప్పలు పట్టుకుని కాలవ గట్టు ఎక్కేది. గాలికి ఆరకుండా చిప్పల్లో కొవ్వొత్తులు నిలబెట్టి, సముద్రం వైపు తిప్పి పెట్టేది. ఆరిపోతే మళ్లీ వెలిగించేది. తర్వాత కిందికొచ్చి అందరికంటే గట్టిగా "క్రీస్తు లేచెను" అనేది. ఆ గొంతులో సంతోషం ఉందా అంటే ఉంది, నేను విన్నాను. ఏడుపు ఉందా అంటే అదీ ఉంది. ప్రకటన గ్రంథంలో "సముద్రము తనలో ఉన్న మృతులను అప్పగించెను" అన్న మాట వస్తే తల ఊపుతూ "ఇయ్యాలి మరి" అనేది, బాకీ ఉన్నవాడి గురించి మాట్లాడినట్టు.

సందేహి గారూ, ఉప్పెన ఎందుకు వచ్చిందో ఆవిడకూ తెలియదు. తెలిసినట్టు నటించలేదు కూడా.

సందేహి
థాంక్స్ అండీ. దీనికి ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

దివిసీమ_పిల్ల
ఉండనివ్వండి. ఆవిడ దగ్గరా పోయేదాకా ఉంది.

ప్రార్థన_గది
దివిసీమ_పిల్ల అమ్మా, నాన్నమ్మ గారి విశ్వాసానికి వందనం. అయినా "దేవుడు తీసుకోలేదు" అన్నదాన్ని ఒప్పుకోలేను. "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను" అని యోబు చెప్పాడు, అలా చెప్పి పాపం చేయలేదని కూడా అక్కడే రాసి ఉంది. దేవుని చేతిలో లేకుండా ఉప్పెన వచ్చిందంటే, మరి దేవుడి చేతిలో ఉన్నదేంటి? ఆ ఆలోచనే నాకు భయం.

కీర్తనల_కరుణ
అన్నయ్యా, యోబు తన నోటితో తన పిల్లల గురించి అన్నాడు. ఇంకొకరు వచ్చి అతనికి చెప్పలేదు. అదొక తేడా. రెండు, మూడో అధ్యాయంలో అదే యోబు పుట్టిన రోజుని శపించాడు. అదీ పరిశుద్ధ గ్రంథమే. చివరికి దేవుడు కోప్పడింది యోబు మీద కాదు, దేవుణ్ణి సమర్థించడానికి వచ్చిన ముగ్గురు స్నేహితుల మీద. వాళ్లు చేసిన మంచి పని ఒక్కటే, మొదటి ఏడు రోజులు నేల మీద అతని పక్కన మాట్లాడకుండా కూర్చోవడం.

డల్లాస్_డేవిడ్
ఇద్దరూ పట్టుకున్నది అవసరమే అనుకుంటా. దేవుని పాలన బయట ఏదీ లేదు, నిజం. అయినా చావును బైబిల్ దేవుని స్నేహితుడు అనదు. "కడపట నశింపజేయబడు శత్రువు మరణము" అంటుంది. శత్రువును శత్రువు అనడం అవిశ్వాసం ఎలా అవుతుంది?

తెనాలి_జోజప్ప
మేము కథోలికులం. మా దగ్గర వ్యాకుల మాత పండుగ ఉంది, సెప్టెంబర్ 15. దానికి ముందు రోజే స్లీవ (సిలువ) మహోత్సవం. ముందు రోజు స్లీవను కొనియాడి, మర్నాడే దాని కింద నిలబడ్డ తల్లి దుఃఖాన్ని తలుచుకుంటాం. మాస్టారూ, మీ అక్క స్తోత్రం చెప్పలేకపోతే ఆ తల్లి పక్కన నిలబడమనండి. ఆమె కూడా ఆ రోజు ఏమీ మాట్లాడినట్టు సువార్తలో లేదు. నిలబడింది, అంతే.

పవిత్ర శనివారం పగలు మా గుడిలో పూజ ఉండదు. బలిపీఠం మీద గుడ్డ కూడా ఉండదు. కొడుకు సమాధిలో ఉన్న రోజుకు ఏడాదిలో ఒక రోజు కేటాయించి పెట్టారు. ఆ రోజు ఎవరూ అల్లెలూయా అనమని మైకు ఇవ్వరు.

పల్నాటి_మిరప
జోజప్ప గారూ, మా పాస్టర్ గారు మాట్లాడని రోజు అంటూ ఒకటి పెడితే మా ఊరంతా మీ సంఘంలో చేరిపోతుంది 😀

తెనాలి_జోజప్ప
రండి, భోజనాలు కూడా ఉంటాయి. కాకపోతే ఆ రోజు చాలామంది ఉపవాసం 😀

సుధీర్_మాస్టారు
ఇదంతా సాయంత్రం అక్కకు చదివి వినిపించాను. నాన్నమ్మ గారి కొబ్బరి చిప్పల దగ్గర ఆపమంది. మళ్లీ చదవమంది.

ఇంకో సంగతి అడగాలి. నిన్న వాడి కాలేజీ స్నేహితులు వచ్చారు. వాడు వర్క్‌షాప్ సార్ గొంతుని ఎలా అనుకరించేవాడో ఒకడు చేసి చూపించాడు. అక్క గట్టిగా నవ్వేసింది. నవ్వి, వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, దొంగతనం చేసినదానిలా నా వైపు చూసింది. "నవ్వానేంట్రా" అంది. అటు ఆనందించనందుకు తప్పు, ఇటు నవ్వినందుకు తప్పు. మనిషి ఎటూ మెసలలేకపోతోంది.

నైట్_డ్యూటీ_నర్సు
మాస్టారూ, దీని గురించి నేను రాయాలి. కువైట్‌లో ఐసీయూలో చేస్తాను. 2021లో మేము చూసినంత చావు ఎవరూ చూడకూడదు. ఆ పీపీఈ కిట్ లోపల ఏడిస్తే అద్దం మసకబారి రోగి చేతి నరం కనబడదు, అందుకని ఏడుపు డ్యూటీ అయ్యేదాకా దాచుకునేవాళ్లం. అలాంటి రాత్రుల్లో కూడా బ్రేక్ రూంలో ఎవరో ఏదో అంటే అందరం కడుపుబ్బ నవ్వేవాళ్లం. మొదట్లో నాకూ మీ అక్కలాగే అనిపించేది, ఇంత చావు మధ్య నవ్వేంటి అని. మాతో పనిచేసే ఒక పెద్ద మలయాళీ సిస్టర్ "చావుకి నవ్వంటే పడదు, కాబట్టి నవ్వండి" అంది.

ఆ మాట నాతో ఉండిపోయింది. ఆ పిల్లాడు అంత బాగా అనుకరించేవాడు, జనాన్ని నవ్వించేవాడు, అది మంచి సంగతి. దాన్ని టిప్పర్ తుడిచేయలేదు. మీ అక్క నవ్వింది వాడు మంచివాడు కాబట్టి. దేవునియందు ఆనందించడం ఎలాగో తెలియట్లేదు అంది కదా, వాణ్ణి ఇచ్చినందుకు వచ్చిన ఆ నవ్వు కూడా దేవుని దగ్గరికే వెళ్తుందని నేను నమ్ముతాను. నవ్వనివ్వండి. ఏడవనివ్వండి. అరగంటలో రెండూ జరిగినా సరే.

మాధవి_కాకినాడ
నర్సు గారూ 🙏 కళ్లు తుడుచుకుంటూ చదివాను.

గుండ్లకమ్మ_గట్టు
మా ఒంగోలు చరిత్ర ఒకటి ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే మన తాతముత్తాతలు ఆనందాన్ని ఎక్కడ నేర్చుకున్నారో మనం మర్చిపోయాం. 1876 నుంచి 78 దాకా వచ్చిన కరువు మీకు తెలిసిందే, మద్రాసు రాష్ట్రమంతా లక్షల మంది పోయారు. ఒంగోలులో ఉన్న అమెరికన్ మిషనరీ క్లౌ దొర ఆకలితో ఉన్నవాళ్లను కూర్చోబెట్టి ప్రసంగాలు చేయలేదు. బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, జనానికి పనీ కూలీ ఇచ్చాడు. మాదిగపల్లెల నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. అప్పటికే నమ్ముకున్న బోధకులు వాళ్లతో పాటే గుడారాల్లో ఉండి, తవ్వకం మధ్య విశ్రాంతిలో సువార్త చెప్పేవాళ్లు.

కరువు సాయం నడిచినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని. కరువు తగ్గి, ఇక ఇచ్చేది ఏమీ లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఇంట్లో ఎవరినో ఒకరిని పాతిపెట్టకుండా వచ్చినవాడు ఎంతమంది ఉంటారు? ఆ ఏటి ఒడ్డున పాడిన పాట అలాంటి గొంతుల్లోంచి వచ్చింది. ముందు పలుగూ పారా, ముందు కూలి డబ్బులు. పాట దాని తర్వాత దానంతటదే వచ్చింది.

సందేహి
చరిత్రగా చూస్తే తిండితో పాటు అంటరానితనం నుంచి బయటపడాలన్న ఆశ కూడా పెద్ద కారణం కదా. దాన్ని ఆధ్యాత్మికం మాత్రమే చేయకండి.

గుండ్లకమ్మ_గట్టు
ఎందుకు చేస్తాను? ఊరి బావి దగ్గరికి రానివ్వని మనిషికి "నువ్వు దేవుని బిడ్డవి" అన్న మాట ఆకాశంలో మాట కాదు. మా ముత్తాతకు ఆ మాటతోనే తల లేచింది. తల ఎత్తుకు నిలబడటం కూడా ఆనందమే. అంటరానితనం కూడా చెడే, దాన్ని దేవుని ఏర్పాటు అని ఒప్పుకోకపోవడమే వాళ్ల విశ్వాసం.

సందేహి
ఇది ఒప్పుకుంటాను.

కోర్టు_బల్ల
లాయర్ని. మాస్టారు కేసు గురించి రాసింది చదివాక ఆగలేకపోయాను. రెండు మాటలు.

ఒకటి. క్షమించడం, కేసు నడపడం రెండూ ఒకదానికొకటి అడ్డం కాదు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ని, ఆయన కొడుకులు పదేళ్ల ఫిలిప్‌ని, ఆరేళ్ల తిమోతిని బండిలో నిద్రపోతుండగా తగలబెట్టారు. ఆయన భార్య గ్లాడిస్ గారు, చంపినవాళ్లను క్షమించానన్నారు. భూస్థాపన రోజు కూతురు ఎస్తేరుతో కలిసి పాట పాడారు. ఆ తర్వాత కూడా కొన్నేళ్లు బారిపదలోనే ఉండి కుష్ఠు రోగుల సేవ నడిపారు. కేసు తన దారిన నడిచింది: 2003లో ప్రధాన నిందితుడికి ఉరి, 2005లో హైకోర్టు దాన్ని యావజ్జీవం చేసింది, 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. క్షమాపణ ఆమె ఇచ్చేది, శిక్ష చట్టం చూసేది.

రెండు. ఓనర్ మనుషులు ఇచ్చే ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు, ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు కాపీలు తీసుకోండి. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ ఆరు నెలల లోపే వేయండి. ఛార్జిషీటులో తాగిన సంగతి వదిలేస్తే కోర్టులో దాని మీద పిటిషన్ వేయొచ్చు. నాకు మెసేజ్ పెట్టండి, ఫీజు మాట ఎత్తొద్దు.

సుధీర్_మాస్టారు
@కోర్టు_బల్ల, అన్నా, ఏమనాలో తెలియట్లేదు. మెసేజ్ పెట్టాను.

ప్రార్థన_గది
లాయర్ గారికి వందనాలు. నేను చెప్పేది కూడా ఒకసారి వినండి. నా భార్యకు క్యాన్సర్ వచ్చినప్పుడు నేను రోజూ ఉదయం పడక పక్కన కూర్చుని స్తోత్రం చెప్పేవాణ్ణి. సంతోషం ఉండి కాదు. చెప్పకపోతే ఆ రోజు మంచం మీద నుంచి లేవలేను. బావిలో పడ్డవాడు తాడు నచ్చి పట్టుకుంటాడా? ఆమె పోయింది. నేను ఇంకా చెప్తున్నాను. అందుకే "ఆనందించుడి" అన్న మాటని తేలిగ్గా తీసేస్తే నాకు బాధ కలుగుతుంది. అది నన్ను బతికించిన ఆజ్ఞ.

కీర్తనల_కరుణ
అన్నయ్యా, ఇది ఎవరూ తీసేయలేదు. మీ చేతిలో ఉంటే ఆ మాటకు ఉన్న బరువు వేరు. వదినగారి గురించి మీరు ఎప్పుడూ రాయలేదు.

ప్రార్థన_గది
రాయడం రాదమ్మా.

నైట్_డ్యూటీ_నర్సు
అన్నయ్యా, మాస్టారి అక్కతో మీరు ఫోన్‌లో మాట్లాడగలరా? ఇక్కడ అందరిలోకీ ఆ స్థితి తెలిసినవారు మీరే. స్తోత్రం చెప్పమనకండి, మీ ఉదయాల గురించి చెప్పండి చాలు.

ప్రార్థన_గది
మాస్టారు సరేనంటే తప్పకుండా.

డల్లాస్_డేవిడ్
"బాబు ప్రభువు దగ్గరున్నాడు" అన్న మాట మీద ఒకటి చేర్చాలి, మాస్టారు అక్కకు చెప్పాల్సింది ఇదే అని నా నమ్మకం. ఆ మాట నిజమే, కానీ మనం అక్కడే ఆపేస్తాం. అక్కడ ఆపితే టిప్పర్ గెలిచినట్టే: ఒళ్లు మట్టికి, ప్రాణం పైకి, సంగతి అయిపోయింది. అపొస్తలులు ప్రకటించింది శరీర పునరుత్థానం. క్రీస్తు లేవకపోతే మనం మనుషులందరికంటే దౌర్భాగ్యులం అని పౌలు తెగేసి చెప్పాడు. మన ఆనందమంతా ఆ ఒక్క సంగతి మీద నిలబడి ఉంది. లేచిన యేసు చేతుల్లో మేకుల గాయాలు ఉన్నాయి, శిష్యుడు తోమా చూశాడు. జరిగిన చెడు జరగనట్టు దేవుడు చేయలేదు. గాయం ఉంది, చావు లేదు. వర్క్‌షాప్ సార్‌ని అనుకరించే ఆ గొంతు మళ్లీ వినబడుతుంది. నాన్నమ్మ గారు "ఇయ్యాలి మరి" అన్నది దీన్నే.

ఇంకో సగం తీర్పు. ఆ డ్రైవర్ సంగతి, రిపోర్టు దాచినవాళ్ల సంగతి, ఇసుక ఓనర్ సంగతి దేవుని దగ్గర మూసేసిన ఫైల్ కాదు. చిన్నప్పటి నుంచి మనకు తీర్పు అంటే భయపెట్టారు. అన్యాయమైపోయినవాళ్లకు అది శుభవార్త. కీర్తనల్లో యెహోవా తీర్పు తీర్చడానికి వస్తున్నాడని పొలాలు, అడవి చెట్లు సంతోషించాయి కదా.

సందేహి
డేవిడ్ గారూ, "ఎందుకు ఆపలేదు" అన్నదానికి ఇది జవాబు కాదు. కానీ దాటేయడం కూడా కాదు. మా నాన్న ఇలా చెప్పి ఉంటే బహుశా ఇంకాసేపు కూర్చునేవాణ్ణి.

డల్లాస్_డేవిడ్
ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు తమ్ముడూ. ఉందని ఎవరైనా అంటే నమ్మకు. నాన్నగారు ఇప్పుడు ఎక్కడున్నారు?

సందేహి
ఊళ్లోనే. మాట్లాడుకుంటాం, ఈ విషయం తప్ప.

సుధీర్_మాస్టారు
అక్క తరఫున రాస్తున్నా. ప్రార్థన_గది అన్నయ్య ఫోన్ చేశారు, చాలాసేపు మాట్లాడుకున్నారు. ఇద్దరూ ఏడ్చారని మాత్రం తెలుసు, మిగతాది నేను అడగలేదు.

వచ్చే నెల జ్ఞాపకార్థ కూడికలో పాటలకు ముందు 88వ కీర్తన చదవాలని అక్క అంటోంది, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగిసేది. తనే చదువుతుందట, మైకు లేకుండా. ఆ తర్వాత హబక్కూకు మూడో అధ్యాయం, వణికే వచనంతో సహా. పాస్టర్ గారిని అడిగాను. కాసేపు ఆలోచించి సరే అన్నారు. వాడి స్నేహితుణ్ణి పిలిచి ఆ వర్క్‌షాప్ సార్ గొంతు చేసి చూపించమంటుందట. చర్చిలోనా అంటే, "చర్చిలోనే" అంది.

నవ్వు సంగతి నర్సు గారు రాసింది ఫోన్‌లో దాచుకుంది.

క్లెయిమ్ పిటిషన్ వచ్చే సోమవారం వేస్తున్నాం. ఓనర్ మనుషులు కోర్టు దగ్గర ఉంటారని విన్నాం. అక్క భయపడటం లేదు గానీ నాకు టెన్షన్‌గా ఉంది. దగ్గర్లో ఉన్నవాళ్లు ఎవరైనా వచ్చి పక్కన నిలబడగలిగితే బాగుంటుంది.

పల్నాటి_మిరప
నేనూ మా బామ్మర్దీ వస్తాం. మిరప కోతలు అయిపోయాయి, ఖాళీనే. ఎన్నింటికి?

గుండ్లకమ్మ_గట్టు
నేనూ వస్తున్నా. కారుంది, దారిలో ఉన్నవాళ్లను ఎక్కించుకుంటా.

తెనాలి_జోజప్ప
మేము నలుగురం రైల్లో వస్తాం. మధ్యాహ్నం భోజనం సంగతి మాకు వదిలేయండి, మా ఇంటావిడ పులిహోర కలుపుతానంటోంది.

కోర్టు_బల్ల
పదింటికల్లా గేటు లోపల ఉండండి. అక్కగారి ఆధార్, బాబు కాలేజీ ఐడీ, టెన్త్ సర్టిఫికెట్ ఒరిజినల్స్ తీసుకురండి. ఓనర్ మనుషులు పలకరించినా ఎవరూ మాట్లాడొద్దు, నేను చూసుకుంటా.

సందేహి
మా ఊరు ఆ కోర్టుకు దగ్గరే. నేనూ వస్తాను. వీలైతే నాన్నను కూడా తీసుకొస్తాను, ఆయనకు ఆ కోర్టు గుమాస్తాలందరూ తెలుసు.

సుధీర్_మాస్టారు
తప్పకుండా తీసుకురండి. అక్క అందరి పేర్లూ అడుగుతోంది, ఎంతమందికి టీ పెట్టించాలో చూసుకోవడానికి. రైల్లో వచ్చేవాళ్లు ఏ బండికి దిగుతారో చెప్పండి, స్టేషన్‌కి ఆటో పంపిస్తాను.